మొదటి ఆట మీదేనండి

అమలాపురంలో ఎర్రవంతెన దాటి కుడిచేతి వైపు నాలుగడుగులు వేస్తే, చెప్పుల షాపుకీ మందుల షాపుకీ మధ్య రెండంతస్తుల కొట్టొకటి కనిపిస్తుంది. బోర్డు మీద 'వీరలక్ష్మి ఆటల కొట్టు' అని ఉంటుంది. క్రికెట్ బ్యాట్ల కోసం, ఫుట్‌బాల్ కోసం లోపలికి దూరిన కుర్రకారు అంత వేగంగానూ బయటికొచ్చేస్తారు. అక్కడ దొరికేవన్నీ కూర్చుని ఆడే ఆటలే. కింద అష్టాచెమ్మా, పచ్చీసు, పులీమేకా, వామనగుంటలు, వైకుంఠపాళి, చదరంగం, క్యారమ్స్. మేడ మీద విదేశాల నుంచి దిగిన పెద్ద పెద్ద అట్టపెట్టెలు. ఒక పెట్టెలో గొర్రెలిచ్చి ఇటుకలు పుచ్చుకుని దీవిలో ఇళ్ళు కట్టుకోవాలి. ఇంకో పెట్టెలో రైలు పట్టాలు వెయ్యాలి. రైలు కోసం తాతల నాటి నుంచి మెడలు సాచి చూస్తున్న ప్రాంతం కాబట్టి, ఆ పట్టాల పెట్టె మాత్రం ఇట్టే అమ్ముడైపోతుంది.

యజమాని పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. కొట్టు పెట్టిన రోజున ఆ పేరు రాయడానికి రేకు చాలదని పెయింటరు చేతులెత్తేశాడు. ఇంకో రేకు కొనే బదులు భార్య పేరు రాయించేశాడీయన. జనం ఆ పొడుగాటి పేరును కొబ్బరికాయ వలిచినట్టు వలిచి 'ఈశ్వర్రావు' దగ్గర ఆగారు. మనమూ అక్కడే ఆగుదాం.

ఈశ్వర్రావు తండ్రి రామ్మూర్తి వడ్రంగి. తలుపులు, కిటికీలు చెయ్యగా మిగిలిన చెక్కతో క్యారంబోర్డులు, పులీమేకా పలకలు చేసి వరండాలో పెట్టి అమ్మేవాడు. ఆయనకో పట్టింపు ఉండేది. కొనడానికి వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒక ఆట ఆడేవాడు. ఆడి ఓడిపోయేవాడు. ఆ తరవాతే అమ్మకం. "గుమ్మం తొక్కినవారికి మొదటి ఆట" అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టానికి మొదటి ముద్ద వడ్డించడం ఎంత మర్యాదో ఇదీ అంత మర్యాద అని ఆయన లెక్క. గోదావరి గట్టు మీద పుట్టినవాడికి మర్యాద పాలతో పాటే పడుతుంది. రామ్మూర్తికి ఇంకో గరిటె ఎక్కువే పడినట్టుంది.

ఆ పట్టింపు కొడుక్కి ఆస్తిగా వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా ఈశ్వర్రావు వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ ఓడిపోతూనే ఉన్నాడు. ఓడిపోవడం తేలికని మీరనుకుంటారు. అదో పెద్ద విద్య. ముందే చతికిలబడితే కొనేవాడికి ఉత్సాహం ఉండదు. చివరిదాకా ఊపిరి బిగబట్టించి, ఒక కాయ పండించుకుని, రెండో కాయ పండబోతుండగా తడబడాలి. ఎదుటివాడికి తను మహా మొనగాడి మీద గెలిచినట్టనిపించాలి. చంపగలిగిన కాయను చూసీ చూడనట్టు దాటెయ్యాలి. రాజోలు నుంచి వచ్చిన హెడ్మాస్టర్లు, తాటిపాక గ్యాసు కంపెనీ ఇంజనీర్లు, మస్కట్ నుంచి సెలవుకొచ్చిన డ్రైవర్లు, అందరూ ఈశ్వర్రావుని చిత్తుగా ఓడించి, మీసం మెలేసి, పెట్టె చంకలో పెట్టుకుని పోయినవాళ్ళే. "ఏవండీ, మీకంటే మాకే బాగా వచ్చండి ఈ ఆట" అని వాళ్ళంటే, "ఆయ్, మీ చేతి వాటం వేరండి" అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఈయన విషయంలో ఊరే కాదు, వ్యాపారం కూడా మంచిదైంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. రచ్చలో ఓడి ఇంట గెలవడం ఈశ్వర్రావు ఒక్కడికే చెల్లింది. అదెలాగో చెప్పాలంటే వీరలక్ష్మి గురించి చెప్పాలి.

ఆమెది కాట్రేనికోన. ముసురు పట్టి వారం రోజులు గడప దాటలేని కాలంలో, అమ్మమ్మ బుచ్చమ్మ అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టేది. ఆ అరుగు మీద పదకొండు ఆటలు నేర్చుకుంది వీరలక్ష్మి. పెళ్ళయి అమలాపురం వచ్చిన నాలుగో రోజున భోజనాలయ్యాక మొగుడూ పెళ్ళాం అష్టాచెమ్మా వేసుకున్నారు. సగం ఆటలో ఈశ్వర్రావుకి మూడు పడింది. సరిగ్గా మూడు గళ్ళ అవతల ఆమె కాయ ఉంది. చంపితే ఆమె కాయ తిరిగి మొదటింటికి పోవాలి. కొత్త పెళ్ళాం కాయను ఏం చంపుతాం అనుకున్నాడో, తండ్రి నేర్పిన చెయ్యి దానంతటదే పక్కకెళ్ళిందో, వేరే కాయ జరిపాడు.

వీరలక్ష్మి తలెత్తి చూసింది. "మూడు పడింది. అక్కడ నా కాయుంది. ఎందుకు చంపలేదండి?"

"చూడలేదు."

"చూసేరు. మీ కన్ను అక్కడి దాకా వెళ్ళి వెనక్కొచ్చింది."

నాలుగు గవ్వలూ ఊడ్చి కొంగున ముడేసుకుంది. "నేను ఈ ఇంటికి కొనుక్కోడానికి రాలేదండి. కాపురానికొచ్చేను. నాతో ఆడితే నిజంగా ఆడండి, లేకపోతే మానెయ్యండి" అని లోపలికెళ్ళిపోయింది. మూడు రోజులు ఆ ముడి విప్పలేదు.

నాలుగో రోజు నుంచి ఈశ్వర్రావు నిజంగా ఆడాడు. పుట్టి బుద్ధెరిగాక అతను నిజంగా ఆడింది ఆ ఒక్క మనిషితోనే. రోజూ మధ్యాహ్నం కొట్టు తలుపు ఓరగా వేసి, వెనకే ఉన్న ఇంట్లో అన్నం తిని, కింద చాప మీద ఒక ఆట. ఆమె కాయలు కనికరం లేకుండా చంపేవాడు. ఆమె అంతకంటే దారుణంగా చంపేది. గెలిచినవాళ్ళు ఎగతాళి చేసేవారు, ఓడినవాళ్ళు ఉడుక్కునేవారు. మర్యాదంతా వీధి గుమ్మం దగ్గర వదిలేసి వచ్చి ఆ కాసేపు మనిషిలా బతికేవాడు ఈశ్వర్రావు. ఎప్పుడైనా అలవాటు కొద్దీ చెయ్యి పక్కకెళితే, "ఎందుకు చంపలేదండి?" అని వెంటనే పట్టుకునేది. ఆ మాట పడితే లోపల ఎంత హాయిగా ఉండేదో అతనికే తెలుసు. ప్రపంచంలో తనని కనిపెట్టగలిగిన మనిషి ఒక్కరుంటే చాలు కదా.

కొట్టు పెరిగిందీ ఆమె వల్లే. చెక్క పలకలు మోసుకెళ్ళడం కష్టమని, మడిచి సంచీలో పెట్టుకునేలా గుడ్డ మీద గళ్ళు కుట్టింది. గవ్వలు నాలుగుకి బదులు ఐదు పెట్టించింది. "గవ్వ పోతే ఆట ఆగిపోద్ది. ఆట ఆగిపోతే మనుషులు లేచిపోతారు" అంది. ఆ ఐదోదానికి కొట్లో కొసరు గవ్వ అని పేరొచ్చింది. హైదరాబాద్ నుంచీ, బెంగళూరు నుంచీ ఫోన్లు చేసి ఎలా ఆడాలో అడిగేవాళ్ళకి ఓపిగ్గా చెప్పేదీ ఆమే. ఒక ఫోను అందుకోసమే విడిగా పెట్టారు. కరోనా రోజుల్లో జనం ఇళ్ళలో కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేక చస్తున్నప్పుడు, ఆ ఫోను మోగని గంట లేదు. అమలాపురంలోనే కాపురం ఉంటున్న కూతురు పద్మశ్రీ ఆన్‌లైన్ ఆర్డర్లు చూసుకోవడానికి రోజూ స్కూటరేసుకుని రావడం మొదలెట్టింది. రామ్మూర్తి దగ్గర పని నేర్చిన వడ్రంగి సాలమోను కొబ్బరి చేవతో నున్నటి పలకలు చెయ్యడం మొదలెట్టాడు. అంతకు ముందు దాకా ఆ చెక్కని దూలాలకీ వంటచెరుక్కీ తప్ప వాడినవాళ్ళు లేరు.

అదిగో, ఆ సందడిలోనే మొదటి తప్పు జరిగింది.

బెంగళూరు నుంచి ఒకావిడ ఫోను చేసింది. మీ ఆవిడగారు చెప్పిన పద్ధతి వేరేగా ఉందేంటండీ అంది. అష్టాచెమ్మాలో చచ్చిన కాయ మొదటింటికి పోనక్కర్లేదు, ఒక పందెం ఆగి, చచ్చిన చోటి నుంచే మళ్ళీ బయల్దేరొచ్చు అని వీరలక్ష్మి చెప్పిందట. ఇలాంటి రూలు కాట్రేనికోన అరుగు మీదే కాదు, ఈ భూమ్మీద ఎక్కడా లేదు. నిద్దట్లో లేపి అడిగినా తప్పు చెప్పని మనిషి చెప్పిన మాట ఇది.

కానీ మాట అన్నది భార్య, అడుగుతున్నది కొన్నావిడ. ఇద్దరిలో ఎవరినీ తప్పనడానికి నోరు రాలేదు. "ఆయ్, అది మా కోనసీమ పద్ధతండి" అన్నాడు.

మొహమాటానికి పోయి మునిగినవాళ్ళ మీద మనకు సామెతలు బోలెడున్నాయి. అందులో సగం అచ్చులో రాయలేం. ఆ సగంలోంచి ఏది ఏరినా ఆ మధ్యాహ్నపు ఈశ్వర్రావుకి అతికినట్టు సరిపోతుంది.

బెంగళూరావిడ మురిసిపోయి ఆ సంగతి ఇంటర్నెట్‌లో రాసింది. కాయ చచ్చినా ఆట చావని కోనసీమ పద్ధతి, ఓడిన పిల్లలు ఏడవని పద్ధతి అని. వారం తిరిగేసరికి అందరూ అదే కావాలన్నారు. పద్మశ్రీకి ఆటలు పెద్దగా రావు. వ్యాపారం వచ్చు. పెట్టెలో వేసే కాగితం మీద అచ్చేయించడానికి రాసుకుని తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నగారూ, ఇది నిజంగా మన పద్ధతేనా అండి?"

"ఆయ్" అన్నాడు.

అక్కడి నుంచి కొట్టు పొంగిపోయింది. మేడ లేచింది. గొర్రెల పెట్టెలూ రైళ్ళ పెట్టెలూ దిగాయి. సాలమోను కింద మరో నలుగురు చేరారు. కాకినాడ నుంచి, భీమవరం నుంచి కార్లేసుకుని వచ్చి ఫొటోలు దిగి వెళ్ళేవారు. ఊళ్ళో ఈశ్వర్రావు పెద్దమనిషయ్యాడు. రోటరీ వాళ్ళు శాలువా కప్పారు. ఆ శాలువా భుజాన వేసుకుని ఇంటికొస్తే, వీరలక్ష్మి "ఎవరింట్లోనండీ పెళ్ళి?" అనడిగింది. ఇవాళ శాలువా కప్పుతారు, వేళకి వెళ్ళండని పొద్దున్న గుర్తు చేసి పంపింది ఆమే.

"మనవాళ్ళదేలే" అన్నాడు ఈశ్వర్రావు.

అలా మూడేళ్ళు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే మాట్లాడకుండా తిన్నాడు. రెండోసారి చెప్పిన కబురుకి మొదటిసారి విన్నట్టే నవ్వాడు. వచ్చిన బంధువుల పేర్లు ఆమెకు అందకపోతే, "రండి రేవతిగారూ" అని ముందే తను పలికి ఆమెకు అందించాడు. ఫోను మెల్లగా తన బల్ల మీదికి మార్చుకుని, నీకు శ్రమెందుకులే అన్నాడు. ఎదుటి మనిషి మాటకి అడ్డం చెప్పకపోవడం, తప్పు చేసినా తెలియనివ్వకుండా సర్దెయ్యడం. తండ్రి నేర్పిన విద్య అంతా ఆమె మీద ప్రయోగించాడు. ఎంత నేర్పుగా చేశాడంటే, రోజూ వచ్చే కూతురు కూడా పసిగట్టలేకపోయింది. వీరలక్ష్మికి సైతం తనలో ఏదో జారిపోతోందని తెలియనివ్వలేదు. ప్రేమ కాదని అనను. కానీ అంత మర్యాదగా ఒక మనిషిని ముంచడం నేనెక్కడా చూడలేదు.

చాప మీద ఆట కూడా మారింది. ఆమె కాయ ఒక్కోసారి ఎదురు దారిన నడిచేది. నాలుగు పడితే ఐదు జరిపేది. ఈశ్వర్రావు చూసి ఊరుకునేవాడు. అప్పుడు మొదలెట్టాడు ఆ పరీక్ష. ఆటకొకసారి, చంపాల్సిన కాయను కావాలని వదిలేసేవాడు. వదిలేసి, తల వంచుకుని, చెవులు రిక్కించి కూర్చునేవాడు.

"ఎందుకు చంపలేదండి?"

ఆ మాట వస్తే చాలు, ఆ రోజుకి గండం గడిచినట్టే. ఫరవాలేదు, ఉంది, ఇక్కడే ఉంది అనుకునేవాడు. మొదట్లో వెంటనే వచ్చేది. తరవాత్తరవాత రెండు పందేలు తిరిగాక వచ్చేది. ఒక మాఘమాసంలో, అంబాజీపేట సంత రోజు, వదిలేసిన కాయ వదిలేసినట్టే ఉండిపోయింది. ఆమె గవ్వలు వేసుకుంది, ఆడుకుంది, గెలిచింది. గెలిచి చప్పట్లు కొట్టింది.

ఈశ్వర్రావు కొట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరో రావులపాలెం నుంచి వచ్చారు. వాళ్ళ చేతిలో ఎప్పట్లాగే ఓడిపోయాడు. ఆ రోజు ఓడడానికి ఏ నేర్పూ అవసరం లేకపోయింది.

ఇంకో నెల్లాళ్ళకి వీరలక్ష్మి కూరలకని వెళ్ళి ఎంతకీ రాలేదు. పద్మశ్రీ స్కూటరేసుకుని ఊరంతా తిరిగితే, బస్టాండులో కాట్రేనికోన బస్సులో కిటికీ పక్కన కనిపించింది. ఒళ్ళో ఖాళీ సంచీ. అమ్మమ్మ ముగ్గు వేసే వేళకి వెళ్ళకపోతే తిడుతుంది, వదలమని బతిమాలింది. బుచ్చమ్మ పోయి ఇరవై ఆరేళ్ళు.

కూతురు తల్లిని ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి, తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచండి?"

ఈశ్వర్రావు మొదటిసారి నిజం చెప్పాడు. "మూడేళ్ళు."

కాకినాడలో పెద్ద డాక్టరు ఫిల్ములన్నీ దీపానికెదురుగా పెట్టి చూశాడు. నెమ్మదిగానే మాట్లాడాడు. ఇది తగ్గే జబ్బు కాదన్నాడు. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే కాస్త నిదానించేదన్నాడు. ఇంకొన్నాళ్ళు తన మనుషులతో తను ఉండేది అన్నాడు. "ఇంట్లో ఎవరూ గమనించలేదాండి?" అనడిగాడు. ఆ గదిలో వీరలక్ష్మి గోడ మీది క్యాలెండరు బొమ్మని చూసి నవ్వుతోంది.

తిరుగు ప్రయాణంలో యానాం వంతెన దాటాక పద్మశ్రీ అంది. "కస్టమరు తప్పు చెప్పినా ఆయ్ అంటారు, అమ్మ తప్పు చెప్పినా ఆయ్ అన్నారు. అమ్మ కస్టమరా నాన్నగారూ?"

ఈశ్వర్రావుది చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులైనా కనిపించని బతుకైపోయింది.

ఊరికొచ్చాక ఒక్కటే పని పెట్టుకున్నాడు. ఆ రూలు తీయించెయ్యాలి. వేల ఇళ్ళలో జనం ఆడుతున్నది ఆట కాదు, తన పెళ్ళాం జబ్బు. మొట్టమొదటిసారి ఆమె జారిపడిన చోటుని కాగితం మీద అచ్చేసి, 'కోనసీమ పద్ధతి' అని పేరెట్టి ఊరూరా అమ్ముకున్నాడు. ఆ మాట తలుచుకుంటే అన్నం సయించలేదు. పద్మశ్రీ ఏడ్చింది గాని, కాగితం మార్చడానికి ఒప్పుకుంది. కొత్త కాగితాలు పెట్టెల్లో పడ్డాయి. పడిన పదిరోజులకే తిరుగు ఫోన్లు మొదలయ్యాయి. మా పద్ధతి తీసేసి ఏదో కొత్త పద్ధతి పెట్టేరేంటండీ అని. కొత్తపేట నుంచి ఒక పెద్దాయన పనిగట్టుకుని వచ్చి బల్ల గుద్దాడు.

"చచ్చిన కాయ అక్కడి నుంచే లేస్తుందండి. మా నాయనమ్మ కూడా ఇలాగే ఆడేది. నేను కళ్ళారా చూసేను."

పుట్టి నాలుగేళ్ళు నిండని రూలది. ఆయన నాయనమ్మ దాన్ని ఎలా ఆడిందో ఆ దేవుడికే తెలియాలి. ఈశ్వర్రావు ఆయన మొహంలోకి చూశాడు. అది తప్పండి, మా ఆవిడకి మతి తప్పిన రోజు పుట్టిందండి ఆ రూలు, అని చెప్పాలనే నోరు తెరిచాడు.

"ఆయ్" అన్నాడు.

పాత కాగితమే మళ్ళీ వచ్చింది.

అప్పటి నుంచి వీరలక్ష్మిని ఇంట్లో ఒంటరిగా ఉంచడం కుదరక, పగలంతా కొట్లోనే కూర్చోబెడుతున్నారు. ఆట బల్ల పక్కన ఆమె స్టూలు. వచ్చినవాళ్ళు బోర్డు మీది పేరు ఈవిడదేనని తెలిసి నమస్కారం పెడితే, ఆమె అంతకంటే వంగి నమస్కారం పెడుతుంది. ఏ రోజుకారోజు పెట్టెలన్నీ కొత్తగా చూసుకుంటుంది. మధ్యాహ్నం చాప మీద ఆట మాత్రం ఈశ్వర్రావు ఆపలేదు. ఇప్పుడు ఆటకొకటి కాదు, చంపగలిగిన ప్రతి కాయనీ వదిలేస్తున్నాడు. ప్రతిసారీ తల వంచి చెవులు రిక్కిస్తున్నాడు. ఆరు నెలలు. ఆ మాట రాలేదు. ఆమె రోజూ గెలుస్తోంది. కాపురానికొచ్చిన నాలుగో రోజు ఏది వద్దని గవ్వలు ముడేసుకుందో, ముప్ఫయ్యేళ్ళ తరవాత రోజూ అదే పెడుతున్నాడు ఆమెకి. ఆమె కాదనడం లేదు.

ఈ శ్రావణంలో ఒక మధ్యాహ్నం జోరున వాన పట్టుకుంది. పద్మశ్రీ భోజనానికి ఇంటికెళ్ళింది. రోడ్డు మీద పురుగు లేదు. ఈశ్వర్రావు తలుపు ఓరగా వేసి, అన్నం వడ్డించడానికి వెనక్కెళ్ళబోతే, ఎప్పుడు లేచెళ్ళిందో, స్టూలు మీద మనిషి లేదు. వెతుక్కుంటూ వీధిలోకి పరిగెత్తబోతుంటే గుమ్మంలోనే ఎదురైంది. బట్టల పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. వెనక దారిన ఇంట్లోకెళ్ళి, సందులోంచి తడుస్తూ వీధి వైపుకి వచ్చినట్టుంది. చేతిలో పర్సు ఉంది. తలెత్తి బోర్డు చదువుకుని, కాళ్ళు గోనెపట్టా మీద తుడుచుకుంది.

"కొట్టు తీసే ఉందాండి?"

ఈశ్వర్రావు నిలబడిపోయాడు. "తీసే ఉందండి. రండి" అన్నాడు.

"అష్టాచెమ్మా కావాలండి. ఒకసారి ఆడి చూపిస్తారంట కదా మీరు."

తువ్వాలిచ్చాడు. మంచినీళ్ళిచ్చాడు. బల్ల మీద గుడ్డ పరిచాడు. ఆ గుడ్డ మీద గళ్ళు ఆమె చేత్తో కుట్టినవే. ఆమె ఆ కుట్టు మీద వేలితో రాసి, బాగా కుట్టేరండి అంది. ఇద్దరూ కూర్చున్నారు. ఏమైందో మరి, ఆ రోజు ఆమె కాయలు దారి తప్పలేదు. రెండు పడితే రెండే నడిచింది. నాలుగు పడి చెమ్మా అయితే రెండో పందెం అడిగి మరీ వేసుకుంది. సగం ఆటలో ఈశ్వర్రావుకి మూడు పడింది. సరిగ్గా మూడు గళ్ళ అవతల ఆమె కాయ. అతని కన్ను అక్కడి దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. వేరే కాయ జరిపాడు. అలవాటుగా తల వంచాడు.

"మూడు పడింది. అక్కడ నా కాయుంది" అంది వీరలక్ష్మి. "ఎందుకు చంపలేదండి?"

ఈశ్వర్రావు తలెత్తాడు. ఆమె సూటిగా అతని కళ్ళలోకే చూస్తోంది. ఆ చూపులో మసక లేదు. ఆరు నెలల దాహం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"లక్ష్మీ" అన్నాడు.

ఆమె చిన్నగా నవ్వింది. పరాయి మగవాడు పేరు పెట్టి పిలిస్తే పెద్దింటి ఆడవాళ్ళు గొడవెందుకని నవ్వి ఊరుకునే నవ్వది. పైట భుజం మీదికి లాక్కుంది.

"పర్లేదండి. కొట్టువారు కదా, మర్యాదకి వదిలేసుంటారు. నాకు తెలిసిపోద్దండి" అంది. "మా ఆయన మాత్రం అలా వదలరు. అందరి దగ్గరా ఓడిపోతారు గానీ, నాతో నిజంగా ఆడతారు. ఆయన కోసమేనండి ఇది."

వాన హోరులో ఆ మాట ఎంత స్పష్టంగా వినిపించిందో. ఆ ఆయన తనేనని చెప్పడానికి ఈశ్వర్రావు దగ్గర ఏ ఆధారమూ లేదు. నిజంగా ఆడేవాడు అతనే అయితే, ఇప్పుడు ఎదురుగా కూర్చుని కాయ వదిలేసింది ఎవరు? మూడేళ్ళు ఆ ఆయన్ని ఇంట్లోంచి కొద్దికొద్దిగా బయటికి పంపేసి, ఆ చోట్లో ఈ కొట్టువాణ్ణి కూర్చోబెట్టింది తనే. ఏడుపొచ్చింది. కొన్నావిడ ముందు ఏడిస్తే బావుండదని మింగాడు.

"గుమ్మం తొక్కినవారికి మొదటి ఆటండి" అన్నాడు. "మొదటి ఆట మీదేనండి."

గుడ్డ మడిచి, కాయలు కట్టి, పెట్టెలో సర్దాడు. గవ్వలు లెక్కపెట్టి వేశాడు. ఐదోది వేస్తుంటే ఆమె చెయ్యడ్డం పెట్టింది.

"నాలుగు చాలు కదండీ. ఐదోదెందుకు?"

"ఒకటి పోతే ఆట ఆగిపోద్దండి."

"ఆయ్, అదీ నిజమే" అంది. పర్సు తెరిచి చూసింది. అందులో ఏమీ లేదు. ఆమె మొహం చిన్నబోయింది.

"మీరు ఎప్పుడో ఇచ్చేసేరండి" అన్నాడు.

ఆమె నమ్మింది. స్టూలు గుమ్మం దగ్గరికి లాక్కుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంది. రెండున్నర దాటింది. లోపల అన్నం చల్లారిపోతోంది. ఈశ్వర్రావు కంచంలో వడ్డించి తెచ్చి ముందు పెట్టాడు. ముద్ద కలిపి అందించబోయాడు. ఆమె మర్యాదగా కంచం పక్కకి జరిపింది.

"ఏమనుకోకండి. మా ఆయన వచ్చే వేళైంది. ఆయనొచ్చేదాకా నేను తిననండి" అంది.

ఈశ్వర్రావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆయ్" అన్నాడు.